పొడి యక్షరముల పూర్వకథ



మన తాడిపత్రి ప్రాంతమున భూమి గల ప్రతి యింటను ఒక పట్టా కాగితమో, పాత దస్తావేజో పెట్టె యడుగున భద్రముగా నుండును. దానిమీద సర్వే సంఖ్యకు ముందు 'నెం.' అని వ్రాసి యుండుట మీరెల్లరు చూచినదే. ఇంగ్లీషు పత్రములయం దా స్థానమున 'ఎన్', 'ఓ' అను రెండక్షరములు, వానిప్రక్క నొక చుక్కయు కానవచ్చును. ఇంగ్లీషువారు సంఖ్యను నంబరు అందురు. ఆ మాటను ఇంగ్లీషు లిపిలో వ్రాసి యెన్నిమారులు కూడబలికినను అందులో 'ఓ' యను నక్షరము దొరకదు. మరి యీ 'ఓ' ఎక్కడినుండి వచ్చినది?

అది లాటిను భాషనుండి వచ్చినది. లాటినున 'న్యూమెరో' యనగా 'సంఖ్యనుబట్టి' యని యర్థము. ఆ పదముయొక్క మొదటి యక్షరమును తుది యక్షరమును మిగిల్చి నడుమనున్నవానిని వ్రాయసకాండ్రు విడిచివేసిరి. అదే పత్రమున భూమి విస్తీర్ణము ఎకరములు, సెంట్లు అని యుండును. మద్రాసు రాజధానిలోని సర్వేయందు ఎకరమును నూరు సెంట్లుగా భాగించిరి. లాటినున 'కెంటుం' అనగా నూరు. ఈ విధముగా పెన్న యొడ్డున కొఱ్ఱయు జొన్నయు పండించుకొను రైతు, రెండువేల యేండ్ల క్రిందటి రోమునగరపు మాటలను తన పెట్టెలో దాచుకొని యున్నాడు. ఆ సంగతి యతనికి తెలియదు. ఆ కాగితము వ్రాసిన గుమాస్తాకును బహుశః తెలిసి యుండదు.

ఇట్టి పొడి యక్షరములు మనకు క్రొత్త గావు. మన పెద్దలు జాబు ముగించి చేవ్రాలు చేసిన పిదప ఏదైన మాట జ్ఞప్తికి వచ్చినచో అడుగున 'తా.క.' అని వ్రాసి దానిని చేర్చెడివారు. అది 'తాజా కలము'. క్రొత్తగా కలము పట్టితినని భావము. మాటలు పారసీక మార్గమున వచ్చినవి. ఇంగ్లీషువాడు అదే స్థానమున 'పి.ఎస్.' అని వ్రాయును. అది 'పోస్ట్ స్క్రిప్టుం', అనగా వ్రాత ముగిసిన తరువాత వ్రాసినది. ఆస్తి పట్టికల చివర మన కరణములు వ్రాసిన 'వగైరా' యను మాట అరబ్బీనుండి వచ్చినది; 'మఱియు నితరములు' అని దాని యర్థము. లాటిను 'ఎట్ సెటెరా' కును సరిగా నదే యర్థము. ఒకే పేరు మరల వచ్చినపుడు మనవారు 'సదరు' అని సరిపెట్టుకొనినట్లే, ఇంగ్లీషు గ్రంథకర్తలు పుటల యడుగున 'ఇబిడ్' అని వ్రాయుదురు. 'ఇబిడెం' అనగా 'ఆ చోటనే' యని లాటినున నర్థము. శాసనములు చెక్కినవారుకూడ రాతిమీద చోటు చాలకనో, ఉలి శ్రమ తగ్గించుటకో పొదుపు పాటించిరి. తెలుగు, కన్నడ శాసనములలో గద్యాణమునకు 'గ' యనియు, ఖండుగమునకు 'ఖ' యనియు నొక్క యక్షరముతో సరిపెట్టుట కలదు.

మన పొడి యక్షరములు ఇంగ్లీషులోనికి పోయిన ముచ్చట యొకటి యున్నది. 'మహారాజరాజశ్రీ' యను గౌరవపదమును మనవారు 'మ.రా.రా.శ్రీ' అని కుదించి జాబుల మీద వ్రాసెడివారు గదా! మద్రాసు ప్రభుత్వపు దొరలు దానిని 'ఎం.', 'ఆర్.', 'ఆర్‌వై.' అని తమ లిపిలోనికి మార్చి, ఇంగ్లీషు ఉత్తరువులలోను గెజెట్టులలోను ఈ దేశపు టుద్యోగుల పేళ్లకు ముందు చేర్చిరి. సీమనుండి క్రొత్తగా వచ్చిన దొరబిడ్డ ఆ యక్షరములను చూచి, అది యేదో పరీక్షలో కృతార్థుడైనందుకు వచ్చిన బిరుదమని తలంచినను తప్పు పట్టరాదు.

ఇక లాటిను ఇంగ్లీషులో నెట్లు చేరినదో చూతము. రోమునందు సిసిరో యను ప్రసిద్ధ వక్త యుండెను. ఆయనకు తైరో యను వ్రాయసకాడు కలడు. మొదట బానిసగా నుండి పిమ్మట విముక్తుడైనవాడు. మాటలను వేగముగా వ్రాసికొనుటకు గుర్తులు కల్పించినవాడని యీతనికి ఖ్యాతి. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దపు మాట యిది. రోము సామ్రాజ్యము కూలిన పిదపకూడ ఐరోపాలోని మఠములయందు సన్యాసులు గ్రంథములను లాటినుననే వ్రాయుచు వచ్చిరి. వారికి కాగితము లేదు. గొఱ్ఱె తోలును, దూడ తోలును సాగదీసి గీకి నునుపుచేసి దానిమీద వ్రాసెడివారు. ఒక పెద్ద గ్రంథమునకు ఒక మందయే కావలసి వచ్చెడిది. అందుచేత పొదుపు నిత్యావసరమయ్యెను. మాటిమాటికి వచ్చు పదములకు రెండు మూడక్షరములు వ్రాసి, మీద నొక గీతయో, తుద నొక కొక్కెమో చేర్చి వదలివేసిరి.

ఆ కొక్కెములలో నొకటి ఇంగ్లీషువారినే మోసగించినది. 'వీ, ఐ, జెడ్డు' అను మూడక్షరములు పాత దస్తావేజులలో తఱచుగా కనబడును. 'విడెలికెట్' అను లాటిను పదమునకు అది కుదింపు. 'అవి యేవియనిన' అని యర్థము. ఆ పదమున జెడ్డు లేదు. మఠములలోని వ్రాయసకాండ్రు పదాంతమును విడిచినామని తెలుపుటకు మన మూడంకెను పోలిన గుర్తు నొకదానిని పెట్టెడివారు. అచ్చు వచ్చిన తరువాత ముద్రాపకులు దానికి దగ్గరగా నున్న జెడ్డక్షరమును కూర్చిరి. నాటినుండి గుర్తు కాస్త అక్షరమైపోయినది. చదువువారు దానిని గొంతెత్తి చదువునపుడు 'నేమ్లీ' యను ఇంగ్లీషు మాటనే పలుకుదురు. వ్రాత యొకటి, పలుకు వేఱొకటి.

మఠములనుండి లాటిను న్యాయస్థానములకు చేరినది. ఇంగ్లండునందు కోర్టు రికార్డులు వందలయేండ్లు లాటినుననే యుండెను. అదియు సామాన్యమైన దస్తూరితో గాదు. కోర్టు దస్తూరియని ప్రత్యేకమైన గొలుసువ్రాత, అందు అడుగడుగున పొడి యక్షరములు. తనమీద మోపిన యభియోగమేదో, తన భూమినిగూర్చి యేమి తీర్పు వ్రాసిరో ఇంగ్లీషు రైతు చదువుకొనజాలడు. చదువనేర్చిన పొరుగువానికిని తెలియదు. వకీలు చెప్పినదే వేదము. కడకు 1730లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. 1733 మార్చి 25వ తేది మొదలుకొని కోర్టు వ్యవహారములన్నియు ఇంగ్లీషుననే, అందఱు చదువదగిన దస్తూరితోనే, మాటలను కుదింపక పూర్తిగా వ్రాయవలెనని యా చట్టము శాసించినది. భాషతోపాటు పొడి యక్షరములనుకూడ నిషేధించుట గమనింపుడు. ఆ చట్టము చేసినవారికి రోగమెక్కడ నున్నదో తెలిసినది.

కాని యా నిషేధము నిలువలేదు. చట్టము అమలులోనికి వచ్చిన 1733లోనే మఱియొక చట్టము చేసి, ఇంగ్లీషున వాడుకలో నున్న కుదింపులను వ్రాయవచ్చునని సడలించిరి. ఆ సందులోనుండి లాటిను తప్పించుకొని బ్రతికినది. భాష పోయినది, దాని పొడి మిగిలినది. మన దేశమునను ఇట్లే జరిగినది. కంపెనీవారు 1837లో చేసిన చట్టముతో బంగాళపు కోర్టులలో పారసీకమునకు కాలము చెల్లినది. 'వగైరా'కు, 'సదరు'కు నేటికిని చెల్లలేదు.

1800లో నిజాము మన సీమను కంపెనీకి దత్తము చేసినపుడు ఈ లాటిను పొడి మన కచ్చేరీలలోనికి దిగినది. 1807 వఱకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండిన థామసు మన్రో కాలమునుండి మన పొలముల లెక్కలు క్రింద తెలుగునను, మీద ఇంగ్లీషునను సాగినవి. మొదట బళ్లారి జిల్లాలోను, 1882 తరువాత అనంతపురము జిల్లాలోను తాడిపత్రి యుండెను. జిల్లా మారినను గుమాస్తాల పొడి యక్షరములు మారలేదు. మన భాషకు మహోపకారము చేసిన బ్రౌను దొర 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, 1852లో అచ్చైన తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందు 'క్యు.వి.' అను నక్షరములను వాడినాడు. 'క్వాడ్ విడే' యనగా 'దానిని చూడుము' అని యర్థము. తెలుగు మాటకు అర్థము వెదకబోయిన తెలుగు విద్యార్థి, లాటిను తెలిసినగాని తరువాతి మాట దగ్గఱకు పోలేడు!

ఇవి యన్నియు పండితుల వినోదములని మీరు తలంపవచ్చును. కాని కొన్నింటిలో ఆస్తియే యున్నది. ఒక దృష్టాంతము ఊహింతము. ఒకడు తన చేను అమ్ముచు, గట్టుమీది చెట్లనుకూడ అమ్మినట్లు ఇంగ్లీషు దస్తావేజులో వ్రాయించినాడనుకొనుడు. 'చెట్లు' అని వ్రాసి, దాని ప్రక్క 'ఐ.ఇ.' అని పెట్టి, చింతయు వేపయు పేర్కొనినచో, 'ఇడ్ ఎస్ట్', అనగా 'అది యేదనగా' అని యర్థము. చింతయు వేపయు మాత్రమే అమ్ముడువోయినవి. తుమ్మలు, కానుగలు అమ్మినవానివే. ఆ స్థానమున 'ఇ.జి.' యని పెట్టినచో 'ఎగ్జెంప్లి గ్రాషియా', అనగా 'ఉదాహరణమునకు' అని యర్థము. చింతయు వేపయు మచ్చుకు చెప్పినవే. తుమ్మలును కానుగలును కొన్నవానికే పోవును. రెండింటికిని భేదము ఒక్క యక్షరము. వానలు లేని యేట చేను గింజ యీయకున్నను చింతచెట్టు పండు నిచ్చునని యెఱిగిన మన ప్రాంతమువారికి ఆ యక్షరము విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇక జాబితా తుదను 'ఎట్ సెటెరా' యని తగిలించినచో, ఇరువైపుల వకీళ్లకును ఆ యేడు గ్రాసము దొరకును. ఇంగ్లీషు చక్కగ నేర్చినవారిలోను ఐ.ఇ.కి ఇ.జి.కి భేదము తెలియక ఒకదానికి మారుగా వేఱొకటి వ్రాయువారు పెక్కండ్రు. 2016లో బ్రిటిషు ప్రభుత్వమువారే, ప్రజలకు తికమక కలుగుచున్నదని, తమ సమాచారపత్రములలో ఈ యక్షరములను విడిచి పూర్తి మాటలను వ్రాయుటకు పూనుకొనిరి.

మన యూరి గుళ్లను చూడవచ్చువారు చేతబట్టుకొని వచ్చు పుస్తకములలో మఱి రెండు గుర్తులుండును. ఒకటి 'ఎ.డి.'; 'ఆన్నో డామినై', అనగా ప్రభువుయొక్క సంవత్సరమున అని. ఏసుక్రీస్తు జన్మమునుండి యేండ్లు లెక్కించు పద్ధతిని డయొనీసియసను సన్యాసి 525వ సంవత్సరమున ఏర్పఱచినాడు. దానికెదురుగా వాడు 'బి.సి.' మాత్రము లాటిను గాదు, అచ్చ యింగ్లీషు. 'క్రీస్తుకు ముందు' అని. రెండును జంటయెడ్లవలె కనబడినను ఒకటి రోముది, రెండవది లండనుది. మన శాసనములు శాలివాహన శకమున నుండును. దానికి డెబ్బదియెనిమిది కలిపినచో క్రీస్తుశకము వచ్చును.

రెండవ గుర్తు చిన్నది, కాని విలువైనది: సంవత్సరమునకు ముందు వ్రాయు ఒంటి 'సి' యక్షరము. 'సర్కా' యనగా 'సుమారుగా'. పెన్న యొడ్డున నున్న బుగ్గ రామలింగేశ్వరుని గుడియు, ఊరి నడుమ చింతల వేంకటరమణుని గుడియు విజయనగర కాలమున పెమ్మసాని నాయకులు కట్టించినవని ప్రతీతి. బుగ్గ గుడి గోపురములు అసంపూర్ణములైనను వానిమీది నల్లరాతి పనితనము చూచి, ఫెర్గుసను అను శిల్పచరిత్రకారుడు 1876లో ప్రకటించిన గ్రంథమున మెచ్చుకొనెను. ఊరి పేరు మాత్రము 'తార్‌పుత్రి' యని వ్రాసినాడు. అది వేఱొక వినోదము. శాసనాధారము దొరకినచోట చరిత్రకారుడు సంవత్సరమును ధైర్యముగా వ్రాయును. దొరకనిచోట శిల్పపు తీరునుబట్టి యంచనా వేసి 'సి' చేర్చును. తరువాత దానిని చూచి వ్రాసికొనువాడు అక్షరమును విడిచి అంకెను మాత్రము ఎత్తివ్రాయును. ఆ పిదప అది పలకమీద కెక్కును. అంచనా నిశ్చయమైపోవును. నేను చూచిన చరిత్ర పొరపాట్లలో సగము ఈ 'సి' రాలిపోవుటచేత కలిగినవే.

రైలు సంగతి యొక మాట చెప్పి విడుతును. మద్రాసునుండి తాడిపత్రి, గుత్తి మీదుగా పోవు దారి 1871లో రాయచూరున బొంబాయి దారితో కలిసినది. నాటి కాలపట్టికలతోపాటు 'ఎ.ఎం.', 'పి.ఎం.' అనునవియు మన యూళ్లకు వచ్చినవి: 'ఆంటె మెరీడియెం', మధ్యాహ్నమునకు పూర్వము, 'పోస్ట్ మెరీడియెం', తరువాత. మఱి సరిగా మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఏమి వ్రాయవలెను? అది పూర్వమును గాదు, పరమును గాదు. ఈ చిక్కు ఇరువదినాలుగు గంటల లెక్క వచ్చినగాని రైలువారికి తీరలేదు.

వైద్యుని చీటి మాత్రము తొందరగా దాటరాదు. చీటి మొదట 'ఆర్' అక్షరము కాలికి అడ్డముగా గీత గీసి యుండును. అది 'రెకిపె', అనగా 'తీసికొనుము'. ఆ యాజ్ఞ రోగికి గాదు, మందులు కలుపువానికి. ఫలానా దినుసు ఇంత తీసికొనుమని పూర్వము వైద్యుడు కాంపౌండరుకు చెప్పిన మాట. (పందొమ్మిదవ శతాబ్దపు చివర హిందూదేశ ప్రభుత్వపు జమాఖర్చులలో ఇంచుమించుగ ఇదే గుర్తునకు 'పదేసి రూపాయలు' అని యర్థము, వైద్యునికిని ఖజానాకును సంబంధము లేదని యెవ్వరనగలరు?) క్రింద 'బి.డి.' యన్నచో 'బిస్ డీయె', దినమునకు రెండుమార్లు. 'టి.డి.ఎస్.' అన్నచో మూడుమార్లు. 'ఎ.సి.' అన్నచో భోజనమునకు ముందు, 'పి.సి.' అన్నచో భోజనానంతరము, 'హెచ్.ఎస్.' అన్నచో నిద్రవేళ. 'ఎస్.ఓ.ఎస్.' అను దానిని ఓడలు మునుగునపుడు పంపు ఆపద సంకేతమని తలంచి భయపడినవారిని నేనెఱుగుదును. మందుచీటిలో దాని భావము 'సై ఓపుస్ సిట్', అవసరమైనచో మాత్రమే వేసికొనుడని. భయపడవలసినది లేదు, ప్రతిదినము మ్రింగవలసినదియు లేదు. 'ఓ.డి.' మాత్రము ప్రమాదకరమైనది. సామాన్య వైద్యుడు వ్రాసినచో దినమున కొకమారు. కంటివైద్యుడు వ్రాసినచో 'ఆక్యులస్ డెక్‌స్టర్', కుడికన్ను. ఏ మందు ఎన్నిమార్లని వైద్యుని నోటనే తెలుగున చెప్పించుకొని చీటి వెనుక వ్రాసికొన్న ముసలివారు మా యింట కలరు. అది మర్యాద తప్పుట గాదు. 1730లో పార్లమెంటు చేసిన పనియే యది.

మా తాతగారి పెట్టెలో నొక జాబున్నది. దూరపు పట్టణమునందలి యొక వర్తకుడు వేరుసెనగ కాయల నిమిత్తము, మన మాటలో బుడ్డల నిమిత్తము, వ్రాసినది. ఆ యేడు వానలు సరిగా లేవు, పండినది కొంచెము. సరకును పదునైదవ తేదికి తాడిపత్రి రైలు గిడ్డంగికి చేర్చవలెనని ఇంగ్లీషున వ్రాసి, తేదిప్రక్క 'ప్రాక్స్' అని పెట్టియుండెను. పూర్వపు వర్తకపు జాబులలో మూడు మాటలు విరివిగా నుండెడివి: 'అల్ట్' అనగా గడచిన నెల, 'ఇన్‌స్ట్' అనగా నడుచుచున్న నెల, 'ప్రాక్స్' అనగా రాబోవు నెల. అన్నియు లాటిను కుదింపులే. థర్డుఫారము చదివిన మేనల్లుడొకడు జాబు చదివి చెప్పినాడు. 'సుమారు' అను నర్థముగల ఇంగ్లీషు మాటను అతడు బడిలో వినియుండెను. దాని కుదింపుకును దీనికిని ధ్వని పోలినది. పదునైదవ తేది సుమారునకు పంపుమన్నాడు, తాతా, అని చెప్పెను.

ఆఱు బండ్లు కట్టి సరకు చేర్చిరి. గిడ్డంగికడ వర్తకుని మనిషి జాబు చూచి, ఇంకను నెల గడువున్నది, ఇప్పుడు తీసికొననన్నాడు. వెనుకకు తీసికొనిపోవుటకు బండ్ల బాడుగ రెట్టింపగును. ఊరిలో నొక బంధువుల దొడ్డిలో దింపి, కావలి మనిషి నుంచి, చొప్ప కట్ట ప్రియమైన ఆ దినములలో ఎద్దులకు మేత కొని నెల వేచియుండిరి. కాయలు ఎండి తూకమున తరుగు పడినవి. చివరకు చేతికి వచ్చినది బాడుగకును మేతకును సరిపోయినది. తాతగారు మేనల్లుని ఒక్క మాటయు అనలేదు. ఆ జాబును ఊరిలోని యొక ముసలి ఉపాధ్యాయునికి చూపి, 'ప్రాక్స్' పూర్తిరూపమును, దాని యర్థమును తెలుగున వ్రాయించుకొనిరి. ఆయన వ్రాసినది జాబు అంచున నేటికిని కనబడును.

తరువాత మా తాతగారు వర్తకునికి వ్రాసిన ప్రత్యుత్తరముల నకళ్లుకూడ ఆ పెట్టెలోనే యున్నవి. ప్రతిదానికి అడుగున ఒకే వాక్యము: 'తా.క. – నెల పేరు పూర్తిగా వ్రాయవలెను.' వర్తకుని తరువాతి జాబులో టైపు చేసిన 'ప్రాక్స్' ను సిరాతో కొట్టివేసి, పైన నెల పేరును ఎవరో చేత్తో వ్రాసియున్నారు.